కస్టమర్ అందుబాటులో లేరు

2019 జనవరిలో అమెజాన్ ఇండియాలో ఓ కొబ్బరి చిప్ప అమ్మకానికి కనిపించింది. అసలు ధర 3,000 రూపాయలట, మన మీద దయ తలిచి 1,365కే ఇస్తున్నారట. దేశమంతా పడిపడి నవ్వింది. కోనసీమ మాత్రం నవ్వలేదండి, కాగితం పెన్సిలూ తీసుకుంది. అంబాజీపేట చుట్టుపక్కల బొగ్గుకి పోయే చిప్పలన్నీ ఆ రేటున లెక్కేస్తే, 2000-01లో మంజూరై నేటికీ వస్తూనే ఉన్న కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గాన్ని మన సొంత డబ్బుతో వేసుకుని, మిగిలినదాంతో రైలు కూడా కొనుక్కోవచ్చునని టీ కొట్టు దగ్గర తేలింది.

ధర చూసి నవ్వినవాళ్ళెవరూ దాని కింద రాసిన షరతు పట్టించుకోలేదు. ఇది నిజం కాయ గనక పగుళ్ళూ నొక్కులూ ఉంటే ఉండొచ్చు అని అమ్మినాయన ముందే సెలవిచ్చాడు. పగిలిందని వెనక్కి పంపితే కుదరదని దాని భావం. చిప్పల మధ్యే పుట్టి పెరిగిన మనకి ఆ ఒక్క ముక్క తోచలేదు. అందుకే మనం వెయ్యి కాయల లెక్కన అమ్ముకుంటున్నాం, ఆయన ఒక్క చిప్పతో పేపర్లకెక్కాడు.

ఆన్‌లైన్ బేరంలో కొనడం, అమ్మడం చిన్న సంగతులు. అసలు కథంతా సరుకు వెనక్కొచ్చే దారిలో ఉంది. ఆ దారిలో ఎన్ని చోట్ల కట్టాలి, కట్టేదెవరు, పుచ్చుకునేదెవరు అన్నదే ఈ వారం మన పురాణం.

కొన్నవాళ్ళ వైపు నుంచి మొదలెడదాం. రాజోలు దగ్గర ఓ ఊళ్ళో ఒకావిడ కొబ్బరి పీచు పట్టా, అదే గుమ్మం ముందు వేసుకునే డోర్‌మ్యాట్, ఫోన్లో ఆర్డర్ పెట్టిందనుకోండి. కోనసీమ వాళ్ళు పీచు పట్టా ఆన్‌లైన్లో కొనడమేమిటని అడక్కండి. 60 శాతం తగ్గింపు అని రాసుంటే మనవాళ్ళు గోదావరి నీళ్ళు కూడా సీసాలో తెప్పించుకుంటారు. బొమ్మలో పట్టా పెద్దగుమ్మం నిండా ఉంది. వచ్చింది మాత్రం పూజలో కూర్చునే పీటంత. ఒక కాలు తుడుచుకుంటే రెండో కాలు వీధిలో ఉంటుంది.

సరే, రిటర్న్ పెట్టింది. కారణం చెప్పమంది. “మనసు మార్చుకున్నాను” అన్నది అన్నిటికన్నా పైన ఉంది. దాన్ని నొక్కితే పని ఇట్టే అయిపోతుంది, డబ్బులు మాత్రం కొంత తగ్గి వస్తాయి. “చూపించింది ఒకటి, పంపింది ఒకటి” అన్నది వేలితో చాలా కిందకి తోస్తే దొరికింది. దాన్ని నొక్కితే ఫొటోలు కావాలంది: డబ్బా, లేబులు, వస్తువు ముందు, వస్తువు వెనక, పక్కన కొలత టేపు. పెళ్ళిచూపులప్పుడు కూడా ఆవిణ్ణి అన్ని ఫొటోలు అడగలేదు.

తర్వాత పికప్. రేపు ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది లోపు మనిషి వస్తాడన్నారు. కోనసీమలో మనిషి వస్తాడంటే దానికో మర్యాద ఉంది కదండీ. అరుగు కడిగింది. కాఫీకి పాలు పక్కన పెట్టింది. పట్టాని మళ్ళీ అదే కవర్లో, అదే మడతల్లో పెట్టి గుమ్మంలోనే కూర్చుంది. సాయంత్రం ఆరింటికి మెసేజ్ వచ్చింది: “మా ప్రతినిధి మీ ఇంటికి వచ్చారు. కస్టమర్ అందుబాటులో లేరు.”

ఆవిడ అందుబాటులో లేకపోవడం! ఆ వీధిలో ఏ ఇంటికి ఏ బండి వచ్చింది, ఎంతసేపు ఆగింది, వెళ్ళేటప్పుడు హారన్ కొట్టిందా లేదా అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి. మర్నాడూ అదే మెసేజ్. ఆ మర్నాడు ఇంకాస్త వివరంగా: “చిరునామా సరిగా లేదు.” రామాలయం వీధి చివర, కాలవ వంతెన దాటగానే, ఎడమ చేతి వైపు పాత పెంకుటిల్లు పక్క డాబా. ఇంతకన్నా సరైన చిరునామా జిల్లా కలెక్టరుగారికి కూడా ఉండదు. పైగా వస్తువు తెచ్చిన రోజున ఇదే చిరునామా సరిపోయింది. తెచ్చేటప్పుడు దొరికిన ఇల్లు తీసుకెళ్ళేటప్పుడు దొరకదు, అదే ఇందులో మాయ.

ఆ కుర్రాణ్ణి తిట్టడం నాకిష్టం లేదు. పార్సిల్‌కి ఇంత అని లెక్క, పెట్రోలు తన జేబులోది, ఆ పూట చుట్టబెట్టాల్సిన ఊళ్ళు ఇంకా మిగిలే ఉంటాయి. ఒక్క పట్టా కోసం కాలవ గట్టు మీద వెనక్కి తిరిగి వస్తే అతనికి మిగిలేది దుమ్ము. అతను నొక్కే బటన్లలో “ఈ డబ్బుకి ఇంత దూరం రాను” అన్న బటన్ పెట్టలేదు. ఉన్నవాటిలో నిజానికి దగ్గరగా ఉన్నదేదో నొక్కాడు, ఆవిడలాగే.

లంకల్లో వాళ్ళు ఇంకా అదృష్టవంతులు, వాళ్ళకి ఎదురుచూసే బాధే లేదు. “మీ పిన్‌కోడ్‌కి రిటర్న్ పికప్ సదుపాయం లేదు, మీరే కొరియర్ చేసి రసీదు పంపండి” అంటారు. నాలుగొందల నైటీకి కొరియర్ ఖర్చు పెట్టుకుని, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం వెళ్ళి ఇచ్చి రావడం కన్నా, వదులైన నైటీకి రెండు కుట్లేయించుకోవడం మేలని మన ఆడవాళ్ళు ఎప్పుడో తేల్చుకున్నారు. అలా తేల్చుకుంటారన్న నమ్మకం అవతల వాళ్ళకీ ఉంది.

చట్టం లేదా అంటే, ఉందండీ, నిండుగా ఉంది. 2020 జులై 23న ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఇందులో మొదటిది అద్భుతంగా అమలవుతోంది. 48 గంటలెందుకు, 48 సెకన్లలో చెబుతున్నారు: “మీరు మాకెంతో ముఖ్యం.” అదే నియమాల్లో ఇంకో ముచ్చటైన మాటుంది. ఆర్డర్ రద్దు చేసుకున్నారని కొన్నవాళ్ళ దగ్గర రుసుము గుంజాలంటే, తామే రద్దు చేసినప్పుడు కంపెనీ కూడా అలాంటి రుసుము భరించాలి. కంపెనీ రద్దు చేసినప్పుడు మీకెవరికైనా క్షమాపణ తప్ప ఇంకేమైనా వచ్చిందా? వస్తే నాకో కార్డు ముక్క రాయండి.

2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇంకో అడుగేసి, తెర మీద జరిగే మోసాలు 13 రకాలని పేర్లు పెట్టి మరీ ప్రకటించింది. ముందో ధర చూపించి, చివర్లో బొట్టు బొట్టుగా ఛార్జీలు కలపడం అందులో ఒకటి. ఆ తర్వాత రెండేళ్ళకి, 2025 అక్టోబర్లో, ఆఫర్ ఇచ్చినందుకు ఓ రుసుము, ఇంటి దగ్గర డబ్బు కట్టినందుకు ఓ రుసుము, భద్రంగా తెస్తామని మాటిచ్చినందుకు ఇంకో రుసుము ఉన్న బిల్లు ఒకటి దేశమంతా తిరిగి కేంద్రమంత్రి ప్రహ్లాద్ జోషి దాకా వెళ్ళింది. విచారిస్తున్నామన్నారు. తగ్గింపు ఇచ్చిన శ్రమకి కూలి అడిగినవాణ్ణి మా సంతలో ఇంతవరకూ చూళ్ళేదు. ఆ మరుసటి నెలలోనే 26 కంపెనీలు మా దగ్గర అలాంటి మోసాలేమీ లేవని తమను తామే తనిఖీ చేసుకుని, తమకు తామే ధ్రువపత్రాలు రాసుకుని సమర్పించాయి. పదో తరగతి పిల్లలకి కూడా ఈ సౌకర్యం కల్పిస్తే మన జిల్లా ఏటా రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంటుంది.

మీషో యాప్‌లో అయితే ఒకే చీరకి రెండు ధరలు కనిపిస్తాయి. ఏ కారణానికైనా వెనక్కి ఇవ్వొచ్చంటే ఒక ధర. పాడైనదో, తప్పు వస్తువో వస్తేనే ఇస్తామంటే ఇంకాస్త చవక. పాడైనదాన్ని వెనక్కిచ్చే హక్కు చట్టం ఎలాగూ ఇచ్చింది కదా అని మీకు అనుమానం రావచ్చు. వచ్చినా ఆ పది రూపాయలు తగ్గుతున్నాయి గనక ఎవరూ అడగరు. ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది, వీళ్ళు చెప్పి చేస్తున్నారు. ఇంగ్లండులో జారా 2022లో, హెచ్ అండ్ ఎమ్ మరుసటి ఏడు, వాపసుకి రెండు పౌండ్ల లోపు రుసుము అని బోర్డు కట్టి మరీ వసూలు మొదలెట్టాయి. దుకాణానికి తెచ్చిస్తే ఉచితమని జారా ఓ వెసులుబాటు కూడా ఇచ్చింది. మన పట్టాకి ఆ దుకాణమే ఎక్కడుందో తెలీదు. డల్లాస్‌లో ఉన్న మన పిల్లలు చెప్పేది ఇంకో వింత: చవక వస్తువు రిటర్న్ పెడితే ఒక్కోసారి డబ్బులు ఇచ్చేసి, వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి అంటారట. విని మా పిన్ని అడిగింది: “మరి అమ్మినవాడి సంగతేట్రా?”

అమ్మినవాడి సంగతి చూడాలంటే కొత్తపేట వైపు వెళ్ళాలి.

ఆ పట్టా అల్లించింది అక్కడొకాయన. ఆయన బాధ వింటే రాజోలావిడ బాధ కొంచెం తగ్గుతుంది, మనుషుల స్వభావం అలాంటిది. 299కి అమ్మిన పట్టాలో రవాణా, ఫలానా ఫీజు, ఆ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ పోను మిగిలినదాంతో పీచు, కూలి, అట్టపెట్టె చూసుకోవాలి. మీషో 2021లో కమీషన్ ఎత్తేసింది. అమెజాన్ 2025 ఏప్రిల్లో 300 లోపు సరుకు చాలావాటి మీద ఎత్తేసింది. పేపర్లో చదివి ఆయన కొబ్బరికాయ కొట్టాడు. నెలాఖరుకి పద్దు చూస్తే కమీషన్ గడి ఖాళీగా ఉంది, దాని కింద గడులు నిండుగా ఉన్నాయి. సరుకు ముందుకి కదిలితే డబ్బు, వెనక్కి కదిలితే డబ్బు. కదలకుండా గోడౌన్లో కూర్చుంటే అద్దె.

ఎక్కువ నెప్పి పెట్టేది క్యాష్ ఆన్ డెలివరీ. ఆర్డర్ పెట్టినవాడు సరుకు గుమ్మంలోకొచ్చేసరికి “మా ఆవిడ వద్దందండి” అంటాడు. పైసా పోయేది లేదు అతనికి. సరుకు తిరుగుటపా. ఇది కొత్త జబ్బేం కాదు, పార్సిల్ అందాక పోస్టులో డబ్బు కట్టే 1877 నాటి వీపీపీ కాలం నుంచీ ఉంది. కలకత్తా గడియారాలకీ, మద్రాసు మందులకీ కార్డు ముక్క రాసి, పోస్టుమాస్టరు పార్సిల్ పట్టుకొచ్చేసరికి పెరటి దోవన పారిపోయినవాళ్ళు మన తాతల్లో ఉన్నారు. అందుకే పాతకాలం పుస్తక ప్రచురణకర్తలు సగం సొమ్ము ముందే పంపమనేవారు. ఇప్పుడు సెల్లర్ ఆ మాటంటే ఆయన సరుకు యాప్‌లో ఎవరికీ కనపడని చోటికి జారిపోతుంది.

పట్టా అయితే వెనక్కొచ్చినా పట్టాగానే వస్తుంది. పూతరేకుల గతి ఆలోచించండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కొరియర్ లెక్కలో మాత్రం వాటికో శాపముంది. బరువు తూకంలో చూడరు; పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, తూకానికీ దీనికీ ఏది ఎక్కువైతే దాన్ని పట్టుకుంటారు. రేకులు నలగకూడదని 30, 20, 15 కొలతల పెట్టెలో సర్దారనుకోండి. తక్కెడలో అరకిలో, లెక్కలో 1.8 కిలోలు. నోట్లో వేసుకుంటే బరువే తెలీని మిఠాయికి ఇనప గుండు ఛార్జీ. ఇంత చేసి పంపితే అవతలాయన తలుపు తీయడు. వెనక్కొచ్చేది పూతపొడి. దాన్ని మళ్ళీ అమ్మలేరు, ఆ పూట ఇంటిల్లిపాదీ పాలల్లో కలుపుకు తాగుతారు.

చిన్నవాళ్ళని పెద్దచేసే పథకం కూడా ఒకటుందండోయ్. 2023 అక్టోబర్ 1 నుంచి టర్నోవరు పరిమితి లోపు ఉన్న చిన్న వ్యాపారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, ఓ నమోదు నెంబరు తీసుకుని ఆన్‌లైన్లో సరుకు అమ్ముకోవచ్చు. రాష్ట్రం దాటకూడదు, అంతే. అంటే అమలాపురం నుంచి అనంతపురం దాకా ఇబ్బంది లేదు. హైదరాబాదులో ఉన్న మేనల్లుడు ఆర్డర్ పెడితే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి, అది 2014 నుంచి వేరే రాష్ట్రం. అంతెందుకు, యానాం! ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి దిగితే యానాం. అది పుదుచ్చేరి. ముమ్మిడివరం వదినగారి పచ్చడి సీసా యాప్ మీద ఏటి అవతలికి వెళ్ళాలంటే అంతర్రాష్ట్ర వాణిజ్యం కింద లెక్క. అదే సీసా సంచిలో పెట్టుకుని బస్సెక్కితే చుట్టరికం కింద లెక్క.

బండార్లంక నేత చీరలది ఇంకో వ్యథ. సంక్రాంతి ముందు వెళ్ళిన చీర కనుమ వెళ్ళాక తిరిగొస్తుంది. ప్రభల తీర్థంలో దుమ్ము అంచుకి అంటుకుని ఉంటుంది, కారణం దగ్గర “రంగు నచ్చలేదు” అని ఉంటుంది. మూడు రోజులు కట్టుకుంటే గానీ రంగు తెలీలేదు పాపం. కొన్నిసార్లు వెళ్ళింది నేత చీర, వచ్చింది పాలిస్టరు. అదేమంటే వీడియో ఉందా అంటారు. డబ్బా సీలు తెరవక ముందు నుంచీ, ఎక్కడా ఆపకుండా, లేబుల్ కనిపించేలా తీయాలి. మగ్గం మీద కూర్చునే మనిషి ఇప్పుడు ఓ చేత్తో నాడె, ఓ చేత్తో ఫోను పట్టుకోవాలి. క్లెయిమ్ పెడితే టికెట్టు నెంబరొస్తుంది. దాని గురించి అడిగితే ఇంకో టికెట్టు వస్తుంది. ఏ టికెట్టూ ఏ ఊరూ చేర్చదు.

ఇలా రాజోలులో కొన్నావిడ అమ్మినవాణ్ణి తిడుతుంది, కొత్తపేటలో అమ్మినాయన కొన్నవాళ్ళని తిడతాడు. మధ్యలో ఉన్నాయన్ని ఎవరూ తిట్టరు. ఎందుకంటే ఆయన కనపడడు. కనపడినప్పుడల్లా ఒకటే మాట: “మేం మధ్యవర్తులం మాత్రమే.”

మధ్యవర్తి అంటే మనకి తెలియని వృత్తి కాదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ నిండా దళారులే. కమీషన్ తీసుకుంటాడు, బేరంలో రెండు వైపులా తీపిగా మాట్లాడతాడు, అన్నీ నిజమే. కానీ లోడులో కుళ్ళు కాయలొస్తే ఆయన ఏ కొట్టు ముందు ఏ కుర్చీలో కూర్చుంటాడో ఊరందరికీ తెలుసు. వెళ్ళి ఎదురుగా నిలబడొచ్చు. ఆయన అందుబాటులో లేనని మెసేజ్ పెట్టలేడు.

ఈ కొత్త మధ్యవర్తికి శిక్ష పడలేదా అంటే పడింది. ఐఎస్‌ఐ ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు తమ వేదిక మీద అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో వినియోగదారుల రక్షణ సంస్థ అమెజాన్‌కి జరిమానా వేసింది. అమ్ముడైన కుక్కర్లు 2,265. వాటి మీద కంపెనీకి ముట్టిన ఫీజు 6,14,825 రూపాయల పైచిలుకు. జరిమానా లక్ష. కుక్కర్లు వెనక్కి తీసుకుని కొన్నవాళ్ళకి డబ్బివ్వమని కూడా చెప్పారు లెండి. అయినా ఆరు లక్షలు పుచ్చుకున్నవాడు మధ్యవర్తి మాత్రమే ఎలా అవుతాడో, మా అంబాజీపేట దళారులకి ఎవరైనా క్లాసు చెబితే బాగుణ్ణు.

మళ్ళీ మన పట్టా దగ్గరికొద్దాం. విసిగిపోయిన రాజోలావిడ ఫిర్యాదుకి సిద్ధపడింది. 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, మనమున్న చోటి నుంచే వేసుకోవచ్చు. వివరాల కోసం కవరు తిరగేసింది. ప్యాకెట్ మీద తయారీదారు పేరూ, చిరునామా, ఫోన్ నెంబరూ ఉండాలన్నది నియమం. చదివి కాసేపు నమ్మలేకపోయింది. కొత్తపేట! హైదరాబాదు గోడౌన్ చూసి, ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన పట్టా పుట్టిల్లు పూట ప్రయాణం కూడా లేదు. ఫోన్ కొట్టింది.

“హలో, పట్టాలవారేనాండి?”

“ఆయ్, చెప్పండమ్మా.”

“రాజోలు దగ్గర్నుంచండి. మీ పట్టా పీటంత ఉందండి.”

“బొమ్మ అలా వచ్చిందమ్మా, తిట్టుకోకండి. రాజోలు దగ్గరంటే ఏ ఊరమ్మా? ఎవరి తాలూకా?”

చెప్పింది. అటు నుంచి రెండు తరాల పేర్లు వచ్చాయి. ఇటు నుంచి ఒక పెళ్ళి గుర్తొచ్చింది. మూడో నిమిషానికి ఆయన అన్నయ్యగారూ, ఈవిడ చెల్లెమ్మా అయిపోయారు. ఆదివారం అంతర్వేది దర్శనానికి వస్తున్నాం, దార్లో పెద్ద పట్టా ఇచ్చేసి వెళతాను, చిన్నది పెరటి గుమ్మానికి ఉంచుకోమన్నాడు. “ఆ రిటర్న్ ఒక్కటీ తీసెయ్యమ్మా, నాకు రానూపోనూ ఛార్జీలు పడతాయి.” ఈవిడ తీసేద్దామని చూసింది. పికప్ మొదలైపోయింది, ఇప్పుడు రద్దు కుదరదంది యాప్.

ఆదివారం పొద్దున అన్నయ్యగారు కుటుంబంతో వచ్చారు, కాఫీ తాగారు, పెద్ద పట్టా గుమ్మంలో పరిచి వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాల వేళకి బండి చప్పుడైంది. ఇన్నాళ్ళకి పికప్ కుర్రాడు ఇల్లు కనుక్కున్నాడు. ఈవిడ చిన్న పట్టా చేతికిచ్చింది. అతను ఫోన్లో బొమ్మతో పోల్చి చూశాడు. “ఇది కాదండి. బొమ్మతో కలవకపోతే సిస్టం తీసుకోదండి. ఇయ్యాల్టితో గడువు కూడా అయిపోద్ది.” అంటూ కిందకి చూశాడు. తన కాళ్ళ కిందున్నది అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది.

“ఇదండి!”

ఈవిడ చెప్పబోయింది. అత్తగారు లోపల్నుంచి “ఇచ్చి పంపెయ్యవే, వారం నుంచీ ఇదే గోల” అని కేకేసింది. పట్టా బండెక్కింది. ఈవిడకి 299 లోంచి రుసుము పోను మిగిలింది జమయింది. కొన్నాళ్ళకి కొత్తపేటాయనకి మూడు మెసేజ్‌లు వచ్చాయి. మీ వస్తువు వాపసు అందింది, రవాణా ఛార్జీలు మినహాయించాం. పంపిన వస్తువుకీ తిరిగొచ్చిన వస్తువుకీ కొలతల్లో తేడా ఉంది, అభ్యంతరముంటే సీలు తెరవక ముందు తీసిన వీడియోతో క్లెయిమ్ పెట్టుకోండి. తిరిగొచ్చిన పట్టా పెద్దది గనక పెరిగిన బరువుకి అదనపు ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ.